ఇరుసు ఎక్కడ విరగాలి?

యూట్యూబ్‌లో 'ఆఫ్ రోడ్' అని కొట్టి చూడండి. బురదలో ఈదే థార్‌లు, రాళ్ళ మీద పాకే జీపులు, వాటి కింద దూరి "పాత ఆక్సిల్ తీసేసి క్రోమోలీది వేశాను, లాకర్ పెట్టించాను" అని చెప్పే అన్నలు కనిపిస్తారు. మా జక్రాన్‌పల్లిలో రోడ్డు దిగే బండి అంటే ట్రాక్టరే. వానాకాలం మొదట్లో కేజ్ వీల్స్ వేసుకుని వరి మళ్ళలో కరిగెట దున్నుతుంది. సంక్రాంతి దాటి పసుపు తవ్వకాలు మొదలైతే చెల్కల్లోంచి పచ్చి పసుపు మోస్తుంది. ఎండిన పసుపు ఒక క్వింటాల్ కావాలంటే పచ్చిది దాదాపు ఐదు క్వింటాళ్ళు తవ్వి, మోసి, ఉడకబెట్టాలి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో మీరు చూసే ఒక్కో బస్తా వెనక ఐదు బస్తాల బరువు ఏదో ఒక ఇరుసు మీద పొలం దాటి వచ్చిందన్న మాట.

ఇరుసు అనగానే మన సాహితీ క్లబ్బు వాళ్ళకు సుమతీ శతకంలోని కందెన గుర్తొస్తుంది. ఆ పద్యం నిజానికి కరణం చేయి తడపడం గురించి. బండి అక్కడ ఉపమానం మాత్రమే. మన దగ్గర మాత్రం ఇక్కడి నుంచి అంతా బండి గురించే.

మొన్న కరిగెట సీజన్‌లో మా కాక ట్రాక్టర్ ఎడమ ఆక్సిల్ విరిగింది. మడిలోంచి ఒడ్డు ఎక్కిస్తుండగా పెద్ద చప్పుడు వచ్చి, టైరు కేజ్ వీల్‌తో సహా బయటికి ఒరిగింది. బండి ఆ పక్కకు కూలబడింది. కాక కుడి వైపు దూకాడు కాబట్టి మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది. ఆ బండి మీద ఇంకా కిస్తీలు ఉన్నాయి, కిరాయి దున్నకాలకు పేర్లు రాసుకున్న ఎకరాలు ఉన్నాయి. నారు ముదిరిపోతుంటే ఎవరూ మన బండి కోసం ఆగరు. రెండో రోజే పక్కూరి ట్రాక్టర్ మా మళ్ళలో దిగింది.

నేను సెలవుకు ఇంటికి వెళ్ళేసరికి విరిగిన ముక్క వాకిట్లో ఉంది.

"ఏంరా, మెకానికల్ చదువుతున్నవ్ గదా. విరగకుంట ఉండే ఆక్సిల్ చేయించరాదు? ఎంత లావైతే అంత లావు. నిజామాబాద్‌ల లేత్ పట్టిద్దాం" అన్నాడు కాక.

మా ఇంట్లో ఇంతకాలం నా చదువును ఎవరూ ఇంత సూటిగా పరీక్షించలేదు. సెమిస్టర్ వైవా నయం.

ముందు ఆ విరిగిన ముఖాన్ని కిరోసిన్‌తో కడిగి చూశాను. ఒక్క దెబ్బకు విరిగిన ఇనుము ముఖమంతా ఒకే తీరుగా ఉంటుంది. ఇది అట్లా లేదు. మూడింట రెండు వంతులు నున్నగా, నత్తగుల్ల మీద గీతల్లాగా ఒకదాని చుట్టూ ఒకటి వంపు గీతలు. మిగతా మూడో వంతు మాత్రమే గరుకుగా, పంచదార పలుకుల్లాగా మెరుస్తోంది. ఆ గీతలన్నీ ఒక మూల నుంచి మొదలయ్యాయి. ఆ మూల సరిగ్గా బేరింగ్ కూర్చునే చోటు అంచు. మిస్త్రిని అడిగితే అసలు కథ బయటపడింది. బండి కాక చేతికి రాకముందే ఆ బేరింగ్ చోటు అరిగిపోతే, ఎవరో వెల్డింగ్ పోసి, లేత్ మీద సాపు చేసి మళ్ళీ ఎక్కించారట. వెల్డింగ్ వేడికి ఆ పక్కన ఇనుము గుణం మారిపోతుంది. పైపొరకు ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం అక్కడ పోతుంది, కంటికి కనపడని పగుళ్ళకు చోటు దొరుకుతుంది. అంటే ఈ ఆక్సిల్ మొన్న ఒడ్డు ఎక్కేటప్పుడు విరగలేదు. కొన్ని సీజన్లుగా రోజూ కొంచెం కొంచెం విరుగుతూ వచ్చి, మొన్న విరగడం ముగించింది.

ఇది మనకు కొత్త కానీ ప్రపంచానికి పాత కథ. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజన్ ఇరుసు విరిగి, బోగీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మంటలంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. డబ్బాల తలుపులకు తాళాలు వేసి ఉండటంతో చాలామంది బయటికి రాలేకపోయారు. ఆ తర్వాతి ఏడాదే ర్యాంకిన్ అనే కుర్ర ఇంజనీరు, థర్మోడైనమిక్స్‌లో మనల్ని సతాయించే ర్యాంకిన్ సైకిల్ ఆయనదే, విరిగిన రైలు ఇరుసులను చూసి, ఇనుము ఉన్నట్టుండి విరగడం లేదు, ఇరుసు మందం ఒక్కసారిగా మారే మూల దగ్గర పగులు పుట్టి లోపలికి పాకుతోంది, ఆ మూలను పదునుగా కాక వంపుగా చేయాలి అని రాశాడు. జర్మనీలో వోలర్ ఏళ్ళ తరబడి ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించి, ఒక్కసారి మోయగల బరువు కన్నా ఎంతో తక్కువ బరువే లక్షల సార్లు పడితే ఇనుము విరుగుతుందని తేల్చాడు. మన ఎస్-ఎన్ కర్వ్ అక్కడిదే.

లక్షల సార్లు అంటే మా కాక నమ్మలేదు. లెక్క వేసి చూపించాను. కరిగెటలో వెనక చక్రం నిమిషానికి సుమారు 15 చుట్లు తిరుగుతుంది. గంటకు 900. రోజుకు పది గంటలు నడిస్తే 9,000. రెండు పంటలకు కలిపి నలభై రోజులు అనుకుంటే ఏడాదికి 3,60,000 చుట్లు. ప్రతి చుట్టులోనూ ఇరుసు పైభాగం నొక్కుకుంటుంది, అదే భాగం కిందికి రాగానే సాగుతుంది. పాత ఎడ్లబండికి ఈ బాధ లేదు. అక్కడ ఇరుసు తిరగదు, చక్రమే దాని మీద తిరుగుతుంది, ఇరుసు బరువు మాత్రం మోస్తుంది. లారీలో ఇంకో ఏర్పాటు: బరువు బయటి గొట్టం మీద ఉంటుంది, లోపలి ఆక్సిల్ తిప్పడానికే. అందుకే 44వ నంబర్ హైవే పక్కన నిండు లోడుతో నిలబడ్డ లారీకి కూడా ఆక్సిల్ బయటికి లాగేస్తుంటారు. మన ట్రాక్టర్ ఆక్సిల్‌కు పాపం రెండు పనులూ ఉన్నాయి, బరువు మోయాలి, చక్రాన్ని తిప్పాలి. దానికి తోడు టైరుకు బయటి వైపు కేజ్ వీల్ బిగిస్తాం. బేరింగ్ నుంచి బరువు ఎంత దూరం జరిగితే వంపు అంత పెరుగుతుంది. మా కాక కేజ్ అయితే ఊళ్ళో అందరికన్నా వెడల్పు. అది ఆయనకు గొప్ప.

ఇక "లావు చేద్దాం" అన్న మాట. సెకండియర్‌లో ఎస్‌ఓఎమ్ సరిగ్గా విన్నవాళ్ళకు గుర్తుంటుంది, మెలితిప్పే బలం తట్టుకోవడంలో వ్యాసానికి ఘనం లెక్క. పది శాతం లావు పెంచితే 33 శాతం బలం. 25 మిల్లీమీటర్ల కడ్డీని 30 చేస్తే 73 శాతం. ఇంత చవగ్గా బలం ఇంకెక్కడ దొరుకుతుంది? వంపుకు కూడా అదే ఘనం. కాబట్టి కాక అడిగింది తెలివితక్కువ మాట కాదు. ఈఎన్ 8 బదులు ఈఎన్ 24 కడ్డీ తెచ్చి, నాలుగు మిల్లీమీటర్లు పెంచి, సరైన చోట హీట్ ట్రీట్‌మెంట్ చేయిస్తే ఆ ఆక్సిల్ విరగడం కష్టమే.

అప్పుడు ఏది విరుగుతుంది? ఆ రాత్రి నేను కూర్చుని వేసుకున్న లెక్క ఇది. బండి 45 హార్స్ పవర్. ఇంజన్ టార్క్ సుమారు 160 న్యూటన్ మీటర్లు. అన్నింటికన్నా కింది గేరులో ఇంజన్ 200 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. లోపలి నష్టాలు పక్కన పెడితే రెండు చక్రాల దగ్గరా కలిపి 32,000 న్యూటన్ మీటర్లు రావాలి. కానీ ఎప్పుడూ రాదు. రెండు టన్నుల బండిలో వెనక 1,200 కిలోలు ఉంటే, మామూలు పొడి నేల మీద టైరు పట్టు 0.6 అనుకుంటే, చక్రాలు జారకుండా నిలిచేది దాదాపు 5,000 వరకే. ఇంజన్ ఇవ్వగలిగిన దానిలో ఆరో వంతు! నేల పట్టు వదలడమే ఇన్నాళ్ళూ ఇరుసును కాపాడింది. కరెంటుకు ఫ్యూజ్ లాగా, ట్రాక్టర్‌కు జారే నేల.

కేజ్ వీల్ కట్టడం అంటే ఆ ఫ్యూజ్ తీసేయడం. దాని పట్టీలు బురద కిందున్న గట్టి నేలలో దిగుతాయి, ఒడ్డుకు తగులుకుంటాయి, జారవు. అప్పుడు ఇంకో హద్దు వస్తుంది: ముందు చక్రాలు లేస్తాయి. ముందు 800 కిలోలు, చక్రాల మధ్య దూరం 1.9 మీటర్లు అనుకుంటే దాదాపు 15,000 న్యూటన్ మీటర్ల దగ్గర మూతి గాల్లోకి లేవాలి. అంటే కేజ్ గట్టిగా చిక్కుకున్న చోట ఆక్సిల్ మీద పడేది పొడి నేల మీద పడే దానికి మూడింతలు. క్లచ్ ఒక్కసారిగా వదిలితే తిరుగుతున్న ఫ్లైవీల్ దెబ్బ దానికి అదనం. కాక ముందు వంద కిలోల వెయిట్ ప్లేట్లు కట్టాడు, దానితో ఆ హద్దు ఇంకో రెండున్నర వేలు పైకి పోయింది.

ఆ ప్లేట్లు తీసేయమని మాత్రం నేను చెప్పలేదు. ముందు లేవడం ఇరుసుకు రక్షణే కావచ్చు, కానీ మనిషికి మృత్యువు. బండి వెనక్కి తిరగబడటానికి రెప్పపాటు చాలు, డ్రైవర్ కింద ఉంటాడు. దిగబడ్డప్పుడు వెనక చక్రాలకు మొద్దు కట్టి లాగించే అలవాటు మన ఊళ్ళల్లో ఉంది కదా, అందులో జరిగేది ఇదే. చక్రం మొద్దు మీదకు ఎక్కలేక ఆగిపోతే, ఇంజన్ చక్రాన్ని తిప్పే బదులు చక్రం చుట్టూ బండినే తిప్పుతుంది.

మరునాడు మిస్త్రి దగ్గర ఇంకో సలహా సిద్ధంగా ఉంది. "డిఫరెన్షియల్‌ల స్టార్ గేర్లకు వెల్డింగ్ కొడదాం అన్నా. రెండు చక్రాలు ఒక్కటే తిరుగుతయ్. ఇగ దిగబడుడే ఉండది."

ఇది మిస్త్రి సొంత తెలివి కాదు, ప్రపంచమంతా ఆఫ్ రోడ్ వాళ్ళు చవగ్గా చేసుకునే పనే. 1827లో ఫ్రాన్స్‌లో పెకర్ ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను ఇముడ్చుకోవడం దాని పని. దాని గుణం ఏమిటంటే రెండు వైపులా ఎప్పుడూ సమానంగా టార్క్ ఇస్తుంది. చూడటానికి న్యాయంగా ఉంటుంది, బురదలో అదే అన్యాయం. ఒక చక్రం బురదలో గాలికి తిరిగినట్టు తిరుగుతుంటే దానికి కావలసింది కొంచెమే, కాబట్టి గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికీ అంతే కొంచెం. బండి కదలదు. వెల్డింగ్ కొడితే ఆ జబ్బు పోతుంది. కానీ కేజ్ విప్పి, పసుపు ట్రాలీ తగిలించి తారు రోడ్డు మీద ఆర్మూర్ వైపు మలుపు తిరిగితే? రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి, రెండూ వేర్వేరు దూరాలు పోవాలి. ఏదో ఒక టైరు జారి తీరాలి. లోడు ఉంటే అది తేలిగ్గా జారదు, ఆ మెలి అంతా ఆక్సిళ్ళ మీదే. ఎప్పుడూ మట్టిలోనే ఉండే పోటీ జీపుకు సరిపోయే పని, రోజూ రోడ్డెక్కే బండికి సరిపోదు.

అసలు ట్రాక్టర్‌కు కంపెనీ వాళ్ళే డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఇచ్చారు. కాక బండిలో అది తుప్పు పట్టి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. లాక్ లేక, దిగబడ్డ ప్రతిసారీ ఒక చక్రం గిరగిరా తిరుగుతూ ఉండేది. స్టార్ గేర్లు ఒక పిన్ను మీద నిదానంగా, మలుపుల్లో మాత్రమే తిరగడానికి చేసినవి. ఒక చక్రం ఆగి ఒకటి తిరుగుతుంటే అవి ఆపకుండా తిరుగుతాయి, పిన్ను దగ్గరికి ఆయిల్ చాలదు, రాసుకుని కాలి పట్టేస్తాయి. డ్రెయిన్ ప్లగ్ విప్పితే ఆయిల్ పాలు ఎక్కువైన చాయ్ రంగులో వచ్చింది. సీల్ పోయి బురద నీళ్ళు లోపలికి పోయాయి. ఇరుసు బలం గురించి మూడు రోజులు మాట్లాడుకున్నాం, అడుగున ఆయిల్ సంగతి ఇది. కందెన పద్యాన్ని నేను తక్కువ చేసినట్టున్నాను.

"మల్ల లావుది చేయిద్దామా, వద్దా? అది చెప్పు" అన్నాడు కాక.

నేను రోటవేటర్ బోల్ట్ గుర్తు చేశాను. రోటవేటర్ షాఫ్ట్ దగ్గర ఒక మెత్తటి బోల్ట్ ఉంటుంది, రాయి తగిలితే అది తెగిపోవాలి, గేర్‌బాక్స్ బతకాలి. పోయిన ఏడు డ్రైవర్ ఊరికే తెగుతోందని దాని బదులు హైటెన్సిల్ బోల్ట్ కొట్టాడు. తర్వాత రాయికి బోల్ట్ తెగలేదు, గేర్‌బాక్స్‌లో పళ్ళు రాలాయి. ఆ రోజు కాక వాడిని తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఎడిటర్ ఒప్పుకోరు. "ఆ బోల్ట్ కావాల్నని మెత్తగ పెట్టిన్రురా, తెల్వదా నీకు!" అన్నది మాత్రం రాయవచ్చు.

"ఆక్సిల్ గట్లనే కాకా. దీన్ని నాలుగు మిల్లీమీటర్లు పెంచితే దెబ్బ లోపలికి పోతది. బుల్ గేర్ పళ్ళు, స్టార్ గేర్లు, ఆఖరికి క్రౌన్. ఆక్సిల్ పోతే చక్రం విప్పి మార్చుకుంటం. క్రౌన్ పోతే బండిని నడుముకు ఇప్పాలె."

మిస్త్రి పక్కనుంచి, "క్రౌన్ పోతె సీజన్ పోయినట్టే" అన్నాడు. వెల్డింగ్ సలహా ఇచ్చిన మనిషే. నేను వేసిన న్యూటన్ మీటర్ల కన్నా ఆ ఒక్క మాటే కాక మీద ఎక్కువ పని చేసింది, నాకు కొంచెం ఉడుకు కూడా వచ్చింది.

మన కాలేజీ బాహా టీమ్‌లో ఉన్నవాళ్ళకు ఈ వాదన తెలిసే ఉంటుంది. 2007 నుంచి పీతంపూర్‌లో జరుగుతున్న ఆ పోటీలో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు ఉంటుంది, హాఫ్ షాఫ్ట్‌లు ఒర్చుకోవాల్సింది అందులోనే. అక్కడ ఒక చిత్రమైన కిటుకు ఉంది. షాఫ్ట్ చివర పళ్ళు ఉంటాయి కదా, ఆ పళ్ళ అడుగు వ్యాసం తక్కువ, మధ్య కడ్డీ వ్యాసం ఎక్కువ. దెబ్బ పడ్డప్పుడు లావు కడ్డీ మెలి తిరగదు, మెలి అంతా సన్నటి పళ్ళ అడుగున చేరి అక్కడే విరుగుతుంది. మధ్య కడ్డీని కూడా పళ్ళ అడుగు సైజుకు చెక్కేస్తే, దెబ్బ పడ్డప్పుడు కడ్డీ పొడవునా మెలి తిరిగి ఆ శక్తిని మింగుతుంది. ఇనుము తీసేస్తే షాఫ్ట్ దెబ్బకు తట్టుకుంటుంది! పెద్ద పెద్ద బండ్ల ఆక్సిళ్ళు చేసేవాళ్ళు వాడే పద్ధతే ఇది. మా కాకకు దీని గురించి చెప్పలేదు. లావు చేయవద్దన్నందుకే నన్ను అనుమానంగా చూస్తున్నాడు, సన్నగా చేద్దామంటే చదువు మాన్పించేవాడు.

చివరికి కంపెనీ సైజు ఆక్సిలే, కొత్తది తెప్పించాం. వెల్డింగ్ పోసిన పాతది ఇంకొకటి చవగ్గా వస్తుందని ఒకరు చెప్తే వద్దన్నాం. కేజ్ వీల్‌ను వెడల్పులో ఒక అడుగు కోయించాం. కాకకు ఆక్సిల్ డబ్బుల కన్నా దీనికే ఎక్కువ బాధ కలిగింది. లాక్ పెడల్ బాగు చేయించాం, అది తొక్కేముందు క్లచ్ తొక్కాలి, చక్రం తిరుగుతుండగా తొక్కకూడదు, మలుపులో అసలే వద్దు అని డ్రైవర్‌తో రెండుసార్లు చెప్పించాం. సీళ్ళు, ఆయిల్ కొత్తవి. మొద్దు కట్టడం బంద్, దిగబడితే ఇంకో బండితో లాగించుకోవాలి.

నేను పట్టుబట్టింది ఒక్కటే, కుడి ఆక్సిల్ కూడా బయటికి తీసి చూడాలని. "అది మంచిగనే ఉన్నది గదరా, సీజన్‌ల దాన్నెందుకు ఇప్పుడు?" అని కాక కోప్పడ్డాడు. ఇంకో పూట పోతుంది, నిజమే. కానీ రెండూ ఒకే వయసువి, ఒకే మళ్ళలో తిరిగినవి. రైల్వేల్లో పాతకాలంలో చేసిన పరీక్షే చేశాం. ఆక్సిల్‌ను కిరోసిన్‌లో తడిపి, కాసేపు ఉంచి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాం. పగులు ఉంటే అందులో దాక్కున్న కిరోసిన్ బయటికి ఊరి సుద్దను తడుపుతుంది. మిస్త్రి బీడీ అవతల పారేసి వచ్చి కూర్చున్నాడు. ఐదు నిమిషాలు ఏమీ లేదు. కాక లేచి వెళ్ళబోతుంటే బేరింగ్ అంచు దగ్గర సన్నగా తడి గీత తేలింది, చిటికెన వేలంత పొడవు. దానికి వెల్డింగ్ కూడా ఎవరూ పోయలేదు. వెడల్పు కేజ్ ఒక్కటే సరిపోయింది.

కాక దాని మీద వేలు పెట్టి రాసి చూశాడు. తుడిచేశాక మళ్ళీ తేలింది. ఏమీ అనకుండా షాపుకు ఫోన్ చేసి రెండో ఆక్సిల్ కూడా చెప్పాడు.

సీజన్‌లో మిగిలిన రోజులు బండి నడిచింది. కుడి ఆక్సిల్‌ను మిస్త్రి తన షెడ్డులోనే ఉంచుకున్నాడు, వచ్చినవాళ్ళకు సుద్ద చల్లి చూపిస్తున్నాడట. ఇంకా మిగిలింది పసుపు ట్రాలీ ఇరుసు. అది తిరగని ఇరుసు, లెక్క వేరు, కానీ గుంతల్లో లోడుతో ఎగిరి పడేది అదే. తవ్వకాలు మొదలయ్యేలోపు ఒక ఆదివారం దాన్ని విప్పాలి. ఒక డబ్బా సుద్దపొడి హాస్టల్ నుంచి నేనే తీసుకెళ్తానని కాకకు చెప్పాను.